మన్యం చరిత్ర - మూలప్రతి సమస్య

చరిత్ర వ్రాయబూనినవాడు రెండు ప్రశ్నలు తప్పించుకోలేడు. జరిగినదాన్ని ఎవరు వ్రాసిపెట్టారు? ఆ వ్రాత మన చేతికి వచ్చేలోగా ఎవరెవరు దాన్ని దిద్దారు? రాజుల చరిత్రకు శాసనాలున్నాయి, జమీందారుల చరిత్రకు కైఫీయతులున్నాయి. అరకు, పాడేరు, చింతపల్లి, రంప కొండల్లో పోడు కొట్టుకుని బతికిన జనానికి తమ చేత్తో వ్రాసుకున్న కాగితం దాదాపు లేదు. వారిని గురించి కాగితాల్లో ఉన్నదంతా వారిమీద పన్ను వేసినవాడు, వారిని పట్టుకున్నవాడు, వారికి శిక్ష విధించినవాడు వ్రాసినది. కాబట్టి ఈ ఆధారాలను ఎలా భద్రపరచాలి, ఎలా తిరిగి అచ్చువేయాలి అన్నది గ్రంథాలయోద్యోగులకు వదిలిపెట్టదగ్గ చిన్న విషయం కాదు. దీనిలో భూమి ఉంది, హక్కు ఉంది, ఒక జనసముదాయం గౌరవం ఉంది.

ముందుగా 1879 రంప తిరుగుబాటును తీసుకుందాం. ఆ ఏడాది మార్చిలో గోదావరి ఏజెన్సీలో చోడవరం ప్రాంతాన మొదలైన ఈ పోరాటం గొలుగొండ కొండలకూ భద్రాచలం తాలూకాలోని రేకపల్లికీ పాకింది. దీన్ని అణచడానికి పోలీసులు చాలక ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. 1880 చివరిదాకా మన్యం పూర్తిగా చల్లారలేదు. సర్కారు కాగితాల్లో దీని పేరు "ఫితూరీ". కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ఆ కాగితాల్లో దోపిడీదొంగల ముఠానాయకులు.

అయితే అదే సర్కారు, తిరుగుబాటుకు కారణాలు విచారించమని రెవెన్యూ బోర్డు సభ్యుడైన సల్లివన్‌ను పంపింది. ఆ విచారణ సారం 1907లో హెమింగ్వే కూర్చిన గోదావరి జిల్లా గెజిటీరులోకి ఎక్కింది. అందులో కనిపించే కారణాలు చూడండి: రంప మన్సబుదారు ముఠాదారుల నోటికాడ కూడు లాగడం, చిగురుపన్ను పేర కల్లుమీద వసూళ్ళు, ఇంటి అవసరానికి గీసుకునే కల్లుకు కూడా అడ్డంవచ్చిన ఆబ్కారీ విధానం, పోలీసు జవాన్ల బలవంతపు వసూళ్ళు. వీటన్నిటికీ తోడు, మైదానం నుంచి వచ్చిన వర్తకులు చదువురాని కొండవాళ్ళచేత అన్యాయమైన ఒప్పందాలు చేయించుకుని, వాళ్ళు కోర్టుకు హాజరు కాలేని అదను చూసి ఏకపక్షంగా డిక్రీలు పొంది, పశువులనూ సొత్తునూ జప్తు చేయించడం.

ఈ చివరి కారణం దగ్గర మనం కాస్త ఆగాలి. మన్యంవాడి మీద తుపాకికంటె ముందు వచ్చిన ఆయుధం కాగితం. తాను చదవలేని కాగితంమీద వేలిముద్ర వేయడం, తాను వినని తీర్పుకు తన ఎద్దును అప్పగించడం - ఇదీ అతడికి లిఖితసంస్కృతితో కలిగిన తొలి పరిచయం. అందుచేత "పత్రాలను కాపాడుకుందాం" అన్న మాట మైదానంలోని విద్యావంతుడికి ఎంత నిరపాయకరంగా వినబడుతుందో, కొండమీద అంత నిరపాయకరంగా వినబడదు. ఎవరి పత్రాలు? ఎవరికోసం? అని అతడు అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇక ఇటువంటి కాగితాలను మనం ఏం చెయ్యాలి? రెండు తప్పుదారులున్నాయి. మొదటిది, సర్కారు వ్రాతను ఉన్నదున్నట్టు చరిత్రగా స్వీకరించడం. ఈ దారిన నడిచినవారికి ఫితూరీదారు ఫితూరీదారుగానే మిగిలిపోయాడు. రెండవది మన వైపునుంచే వస్తుంది కనుక మరింత జాగ్రత్తగా గమనించాలి. ఆ వ్రాతలోని దుర్భాషను సహించలేక, తిరిగి అచ్చువేసేటప్పుడు దాన్ని దిద్దివేయడం. "దొంగలు" అన్నచోట "వీరులు" అని, "ఫితూరీ" అన్నచోట "స్వాతంత్ర్య సమరం" అని మార్చడం. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం విపరీతం. పాలకవర్గం తన చేత్తో తాను వ్రాసిపెట్టిన సాక్ష్యాన్ని మనమే చెరిపివేసిన వాళ్ళమవుతాం. కడుపు మండి తిరగబడ్డవాణ్ణి దొంగ అన్నారనడానికి రుజువు ఆ "దొంగ" అన్న మాటే. అది పోతే దోపిడీకి సాక్ష్యం పోతుంది.

అల్లూరి సీతారామరాజు ఉదాహరణ ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై ఆయన దళం దాడిచేసింది. పట్టుకుపోతున్న ఆయుధాల పట్టీని స్టేషను పుస్తకంలోనే వ్రాసి ఆయన సంతకం చేశాడన్నది ప్రసిద్ధం. ఈ పనిలోని అర్థాన్ని మనం వీరగాథగా చెప్పుకున్నంతగా చరిత్రపద్ధతిగా చెప్పుకోలేదు.  శత్రువు పుస్తకంలోనే తన పద్దు వ్రాసి, తన పేరు పెట్టి, బాధ్యత తన నెత్తిన వేసుకున్నాడు. 1924 మే 7న ఆయనను కాల్చిచంపారు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఆయనతో కలిసి పోరాడి శిక్షననుభవించిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒక దస్త్రంలో నేరస్థుడు, మరొక దస్త్రంలో ప్రజాప్రతినిధి. ఈ రెండు దస్త్రాలూ పక్కపక్కన నిలబడినప్పుడే మధ్యన జరిగిన చరిత్ర మనకు కనబడుతుంది. రెండవదాన్ని నిలబెట్టడానికి మొదటిదాన్ని తగలబెట్టనక్కరలేదు.

మూలప్రతిని మూలప్రతిగా ఉంచి, సవరణను సవరణగా చూపాలన్న ఈ నియమం మనకు కొత్తది కాదు. మెకంజీ 1821లో చనిపోయేనాటికి కావలి సోదరులవంటి దేశీయ సహాయకుల శ్రమతో పోగైన కైఫీయతుల్లో కొన్ని శిథిలమవుతుండగా, సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు వ్రాయించాడు. నేడు మనం స్థానిక చరిత్రలని చెప్పుకునే సంపుటాల్లో చాలాభాగం ఆ నకళ్ళే. నకలు లేకపోతే మూలం నశించి ఉండేది. నకలు వ్రాసినవాడు తనకు తోచినట్టు దిద్ది ఉంటే మూలం బతికీ నశించి ఉండేది. పాఠాంతరాలను అడుగున చూపి, ఏ ప్రతిలో ఏముందో చెప్పే పరిష్కర్త నిజాయితీకి మన సాహిత్యలోకంలో ఉన్న విలువ ఇందువల్ల వచ్చిందే.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ నియమాన్ని రెండువైపులనుంచీ చూపారు. ప్రాచీన కావ్యాల ప్రతుల్లో ఉన్న రూపాలను వ్యాకరణానికి సరిపోలేదని అచ్చులో దిద్దివేసి, ఆపైన ఆ అచ్చునే ప్రమాణంగా చూపే పండితుల పద్ధతిని ఆయన ఎండగట్టారు. అదే మనిషి పర్లాకిమిడిలో ఉంటూ, తూర్పుకనుమల్లోని సవరల భాషను ఆ భాష మాట్లాడేవాళ్ళ దగ్గరే నేర్చుకుని, వారి నోట వినబడినట్టు వ్రాసిపెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసులో అచ్చయినాయి. సవర మాటను తెలుగుకు గాని సంస్కృతానికి గాని సాపుచేయాలని ఆయన చూడలేదు. కొండభాషను "దిద్దవలసిన" భాషగా గాక, ఉన్నదున్నట్టు గౌరవించవలసిన భాషగా చూడటం ఆ రోజుల్లో చిన్న విప్లవం. అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాషపై భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథాన్ని 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ ప్రచురించింది. అదికూడా ఈ మార్గంలో వేసిన అడుగే.

ఇప్పుడు ఒక ఆధునిక వృత్తినుంచి ఒక పాఠం తీసుకుందాం. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి మూలప్రతి సమస్య రోజూ ఎదురవుతుంది. ఒకడు వ్రాసిన ప్రోగ్రామును వందలమంది దిద్దుతారు. ఎవరు ఏ పంక్తిని ఎప్పుడు ఎందుకు మార్చారో తెలియకపోతే ఆ పని ఒక్కరోజు సాగదు. అందుకని వాళ్ళు వెర్షన్ కంట్రోల్ అనే పద్ధతి పెట్టుకున్నారు. దాన్ని మనం పాఠాంతరాల ఖాతా అనుకోవచ్చు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్ అనే సాధనం నేడు ఎక్కువ వాడుకలో ఉంది. ఈ ఖాతాలో ప్రతి మార్పుకూ చేసినవాడి పేరు, తేదీ, కారణం ఉంటాయి. పాతపాఠం చెరిగిపోదు, కొత్తపాఠం దానిమీద పొరగా చేరుతుంది. ప్రతి పొరకూ దానిలోని అక్షరాలనుబట్టి లెక్కగట్టిన ఒక ముద్ర ఉంటుంది. కింది పొరలో ఒక్క అక్షరం మారినా పైముద్రలన్నీ మారిపోతాయి కనుక, దొంగచాటుగా దిద్దడం దాగదు. మరొక విశేషం, ఖాతాను పూర్తిగా తెచ్చుకున్న ప్రతివాడి దగ్గరా ఆనాటివరకు జరిగిన చరిత్ర అంతా ఉంటుంది. ఒక కార్యాలయం తగలబడితే చరిత్ర తగలబడదు.

ఈ వృత్తిలో మన సమస్యకు మరీ దగ్గరగా వచ్చే చిక్కు ఒకటుంది. డెబియన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాలు, అసలు రచయిత విడుదల చేసిన మూలసంపుటిని ముట్టుకోకుండా ఒకవైపు ఉంచి, తమ సవరణలను వేరే ఉంచుతాయి. అయితే ఆ సంపుటిని విప్పి లోపలి ప్రతులను ఖాతాలో చేర్చిన తర్వాత, వాటినుంచి మళ్ళీ మూలసంపుటిని కట్టబోతే అది అచ్చం మొదటిదానిలా రాదు. లోపలి విషయమంతా అదే. కాని మూట కట్టిన తీరు, ప్రతుల వరస, వాటిమీది తేదీలు, కుదించిన పద్ధతి - వీటిలో ఎక్కడో ఒక చిన్న తేడా వస్తుంది. ఆ తేడా వచ్చిందంటే, అసలు రచయిత ఆ మూటమీద చేసిన సంకేత సంతకం సరిపోలదు. అప్పుడు "ఇదే మూలం" అని రుజువు చేయలేము. దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయాల్లో ఒకటి ప్రిస్టీన్-టార్ అనే చిన్న సాధనం. మూలసంపుటి మొత్తాన్ని రెండోసారి దాచడానికి బదులు, విషయంనుంచి మూలాన్ని తిరిగి కట్టడానికి కావలసిన ఆ చిన్న తేడాను మాత్రం అది ఖాతాలో దాస్తుంది. కావలసినప్పుడు విషయమూ తేడా కలిపి, మూలాన్ని అక్షరం పొల్లుపోకుండా తిరిగి నిర్మిస్తుంది.

చరిత్రకారుడికి ఇందులో పెద్ద పాఠం ఉంది. ఒక దస్త్రంలోని వాక్యాలను ఎత్తివ్రాసుకున్నంత మాత్రాన దస్త్రాన్ని కాపాడినట్టు కాదు. అంచున పెన్సిలుతో వ్రాసిన మాట, కొట్టివేసి మళ్ళీ వ్రాసిన పదం, ముద్ర, సంతకం, ఏ కాగితం తర్వాత ఏ కాగితం కుట్టారన్న వరస - ఇవి "విషయం" కాదనిపిస్తాయి. కాని కలెక్టరు మొదట "రైతులు" అని వ్రాసి, దాన్ని కొట్టివేసి "అల్లరిమూక" అని దిద్దితే, ఆ కొట్టివేతే చరిత్ర. సాపు నకలులో అది మాయమవుతుంది. ఆ చిన్న తేడాను దాచనివాడు మూలాన్ని పోగొట్టుకున్నట్టే.

ఇదంతా పండితచర్చ కదా, మన్యంలో దీనివల్ల ఎవరికేమి ఒరిగింది అని అడిగేవారుంటారు. వారికి భూమిచట్టాల చరిత్రే సమాధానం.

1917లో ఏజెన్సీ భూబదలాయింపు చట్టం వచ్చింది. కొండజాతివాడు తన భూమిని మరొక కొండజాతివాడికి తప్ప, ఏజెంటు అనుమతి లేకుండా అన్యులకు బదలాయిస్తే చెల్లదని అది చెప్పింది. 1959లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. 1970 సవరణ దాన్ని పదును పెట్టింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు లేనంతవరకు, గిరిజనుడినుంచి సంక్రమించినదిగానే భావించాలన్నది ఆ సవరణ. 1971, 1978లలో మరి సవరణలు వచ్చాయి. మధ్యలో, 1969 రెగ్యులేషన్‌తో ముఠాదారీ పద్ధతి రద్దయింది.

ఇప్పుడు ఒక తగాదాను ఊహించండి. ఒక గిరిజనేతరుడు తన తాత ఫలానా సంవత్సరంలో ఈ చెక్క కొన్నాడని ఒక కాగితం చూపుతాడు. ఆనాటికి అమలులో ఉన్న చట్టపాఠం ఏది? ఆ కాగితం ఆనాటిదేనా, తర్వాత పుట్టించినదా? అడంగల్‌లో ఆనాడు ఎవరి పేరుంది, ఆ పేరు ఎప్పుడు మారింది, ఎవరి ఉత్తర్వుపై మారింది? సవరణలన్నీ కలిపేసి నేటిపాఠాన్ని మాత్రమే అచ్చువేసిన చట్టపుస్తకం మొదటి ప్రశ్నకు జవాబు చెప్పదు. పాత పేరును పూర్తిగా చెరిపి కొత్త పేరు వ్రాసిన లెక్క మూడో ప్రశ్నకు జవాబు చెప్పదు. ఇక్కడ మార్పుల ఖాతా లేకపోవడం వల్ల లాభపడేవాడెవడు? కాగితం పుట్టించగలవాడే గాని, దున్నుకునేవాడు కాదు.

అరకుకు పక్కనే ఉన్న అనంతగిరి మండలంలో పుట్టిన సమత కేసును ఈ దృష్టితో చూడాలి. బొర్రా పంచాయతీ ప్రాంతంలోని గిరిజన గ్రామాల్లో గనుల కౌళ్ళు చెల్లవని సాగిన ఆ వ్యాజ్యంలో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు భూమిని గనుల కౌలుకు ఇవ్వకూడదన్నది దాని సారం. రెగ్యులేషన్‌లోని "వ్యక్తి" అన్న ఒక్క మాటలోకి ప్రభుత్వమూ వస్తుందా రాదా అన్నదానిమీద ఆ తీర్పు నిలిచింది. ఒక మాటమీద కొండలు నిలబడ్డాయి. గమనించదగ్గ మరొక సంగతి: ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరిది ఒక అభిప్రాయం, ఒకరిది భిన్నాభిప్రాయం. ఓడిన అభిప్రాయాన్ని న్యాయస్థానం చించివేయలేదు. గెలిచినదానితోపాటు అదీ అచ్చయింది. న్యాయశాస్త్రం తన పాఠాంతరాలను దాచుకున్నంత శ్రద్ధగా మన రెవెన్యూ లెక్కలు తమ పాఠాంతరాలను దాచుకుని ఉంటే, ఎందరి పొలాలు దక్కి ఉండేవో!

2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ఈ ప్రశ్న మరింత దగ్గరకు వచ్చింది. ఆ చట్టం కింద 2008లో చేసిన నియమాలు, హక్కుకు రుజువుగా గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే సెటిల్‌మెంటు నివేదికలు, పటాలు, అటవీశాఖ దస్త్రాలు పనికివస్తాయన్నాయి. దావాదారు కాని పెద్దలు చెప్పి వ్రాయించిన వాంగ్మూలమూ సాక్ష్యమే అన్నాయి. ఒకటికంటె ఎక్కువ రుజువులు చూడాలన్నాయి. అంటే తెల్లదొర వ్రాసిన గెజిటీరూ కొండపెద్ద నోటిమాటా ఒకే బల్లమీద పక్కపక్కన పడ్డాయి. తాతను అణచడానికి వ్రాసిన కాగితం మనుమడికి పట్టా తెచ్చిపెట్టగలదు. అయితే ఆ కాగితం చెక్కుచెదరకుండా ఉండాలి, అడిగినవాడికి దొరకాలి.

దొరుకుతుందా? 1936 దాకా కోరాపుట్ కొండలు విశాఖ ఏజెన్సీలో భాగం. ఆ ఏడాది అవి ఒరిస్సాలో చేరాయి. మద్రాసు రాష్ట్రపు దస్త్రాలు చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. 1956 తర్వాతి రాష్ట్రపు దస్త్రాలకు హైదరాబాదు కేంద్రమైంది. 2014లో ఆ రాష్ట్రమూ రెండయింది. కంపెనీ కాలపు, సామ్రాజ్య కాలపు కాగితాలు కొన్ని లండన్‌లో ఉన్నాయి. ఒక కొండవాగు ఒడ్డున బతికే మనిషి తన ఊరి గతాన్ని వెతుక్కోవాలంటే నాలుగు నగరాలు తిరగాలి, ఇంగ్లీషు రావాలి. కంప్యూటరు పనివాళ్ళ ఖాతాలో ప్రతివాడి చేతిలోనూ మొత్తం చరిత్ర ఉంటుందన్నాం. మన్యంలో ఎవడి చరిత్ర వాడి చేతిలో తప్ప మిగతా అందరి చేతుల్లోనూ ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్యగారు ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్యోద్యమ పత్రాలను 1965నుంచి సంపుటాలుగా వెలువరించి ఎంతో మేలు చేశారు. కాని అవి ఇంగ్లీషులో, పెద్ద గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఆ పత్రాలు ఎవరి గురించినవో వారి ఊరిబడికి ఇంకా చేరలేదు.

ఈ పనిలో మన పాత్ర ఏమిటి? ఉపాధ్యాయులు, విద్యార్థులు పెద్ద నిధులు లేకుండానే చేయగల పని ఉంది. మన్యానికి సంబంధించిన ప్రతి పత్రానికీ అంచులతో సహా ఛాయాచిత్రం తీయాలి. ఆ చిత్రాన్ని ఇక ముట్టుకోకూడదు. దానినుంచి అక్షరాక్షరం, తప్పొప్పులతో సహా, ఎత్తివ్రాయాలి. తెలుగు అనువాదం వేరే పొర. కువి, కూబి, ఆదివాసీ ఒడియా, సవర భాషల్లో చెప్పే వివరణ మరో పొర. కొండపెద్దల వాంగ్మూలం ఇంకో పొర. "ఈ నివేదిక అబద్ధం, మా తాత చెప్పింది ఇది" అని ఒకరంటే, ఆ మాటను నివేదికలో కలపకుండా, నివేదిక పక్కన, వారి అంగీకారం ఉంటే వారి పేరుతోనే చేర్చాలి. ప్రతి పొరకూ తేదీ, చేసినవారి గుర్తు, కారణం ఉండాలి. మొత్తం ఖాతా నగరంలో ఒక ప్రతి, జిల్లాకేంద్రంలో ఒక ప్రతి, ఊళ్ళో ఒక ప్రతి ఉండాలి. ఊరిప్రతి తక్కినవాటికి తీసిపోకూడదు.

ఒక హెచ్చరిక చెప్పుకోకపోతే ఈ వాదం అసంపూర్ణమవుతుంది. సాధనం దానంతట అది ఎవరి పక్షమూ వహించదు. పాఠాంతరాల ఖాతా అబద్ధాన్ని కూడా నిజమంత శ్రద్ధగానే దాస్తుంది. 1879కి ముందు పుట్టిన మోసపు ఒప్పందాన్ని అందులో చేర్చితే అది మోసపు ఒప్పందంగానే చిరకాలం నిలుస్తుంది. ఎవరు చేర్చారో అది చెప్పగలదు, చేర్చినది న్యాయమో కాదో చెప్పలేదు. ఆ విలువ కట్టవలసినవాళ్ళం మనం. అలాగే అన్నీ అందరికీ విప్పి చూపవలసినవి కావు. దేవరల స్థలాలు, మందుమొక్కల జాడలు, కుటుంబాల రహస్యాలు ఖాతాలోకి ఎక్కించాలా వద్దా అన్నది ఊరు నిర్ణయించాలి. గనుల కంపెనీకి దారి చూపే పటాన్ని పరిశోధన పేర మనం గీసి ఇస్తే, ఆనాటి వర్తకుడి కాగితానికీ మన కాగితానికీ తేడా ఉండదు. ఖాతా పెత్తనం ఎవరిదన్న ప్రశ్న వర్గప్రశ్నే.

పాలకులు వ్రాసిన మాటకు భయపడవలసిన పని మనకు లేదు. దాన్ని చెరిపివేయవలసిన పనీ లేదు. అది అక్కడే ఉండనిద్దాం, ఎవరు ఎవర్ని ఏమన్నారో రేపటి పిల్లలు కళ్ళారా చూడనిద్దాం. దానికిందనే మన్యం తన పద్దు తాను వ్రాసుకోవాలి, తేదీ వేసి సంతకం చేయాలి. ఆ పద్దుకు చోటు, కలం, చదువు సమకూర్చడం మన సంఘాల ముందున్న కర్తవ్యం. పాతతరం పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కాగితాలు పొడి అవుతున్నాయి. ఈ పని వాయిదా వేయదగ్గది కాదు.